ఉమ్మడి సొత్తు: క్లాసు వేరియబుల్ కథ

ఆబ్జెక్ట్ ఓరియంటెడ్ ప్రోగ్రామింగ్ నేర్పే చోట మొదటి వారంలోనే ఒక స్టూడెంట్ తగులుతాడు. అతనికో పేరు, ఓ రోల్ నంబరు, ఓ కాలేజీ ఉంటాయి. పేరూ నంబరూ ఎవరివి వాళ్ళవి. కాలేజీ పేరు మాత్రం అందరికీ ఒకటే కదా, అందుకని దాని ముందు 'స్టాటిక్' అని రాయండి, మెమరీ కలిసొస్తుంది అంటారు మాస్టారు. అమీర్‌పేటలో కోర్ జావా చదివొచ్చిన వాళ్ళలో ఈ ఉదాహరణ వినని వాళ్ళు తక్కువ.

ప్రోగ్రాములు రాయని వాళ్ళ కోసం ఒక్క మాట. క్లాసు అంటే నమూనా. స్టూడెంట్ ఎలా ఉంటాడో, ఏమేం చెయ్యగలడో ఒకచోట రాసిపెట్టిన వివరం. దాన్నిబట్టి తయారయ్యే ఒక్కో స్టూడెంటూ ఒక్కో ఆబ్జెక్టు. ఆబ్జెక్టు తన దగ్గర ఉంచుకునే విలువని ఇన్‌స్టన్స్ వేరియబుల్ అంటారు. నమూనా దగ్గర ఒక్కటే ఉండి, ఆబ్జెక్టులన్నీ పంచుకునేదాన్ని క్లాసు వేరియబుల్ అంటారు.

ఇంతవరకూ బానే ఉంది. చిక్కంతా ఆ 'అందరికీ ఒకటే' అన్న మాటలో ఉంది. దానికి రెండర్థాలున్నాయి. ఒక వీధిలో పదిళ్ళకీ ఒకే రంగు సున్నం వేసి ఉండొచ్చు. ఆ పదిళ్ళకీ కలిపి ఒకే బావి ఉండొచ్చు. రేపు ఒకాయన తన గోడకి వేరే రంగు వేసుకుంటే పక్కింటికి పట్టదు. బావిలో ఎవరైనా ఏదైనా పడేస్తే మాత్రం పదిళ్ళవాళ్ళూ ఆ నీళ్ళే తాగాలి. ఒకేలా ఉండటం వేరు, ఒక్కటే ఉండటం వేరు. క్లాసు వేరియబుల్ బావి లాంటిది. రంగు కలిసింది కదా అని బావి తవ్వుకున్న వాళ్ళ అవస్థలు ఈ చరిత్ర నిండా కనిపిస్తాయి.

ఓస్లోలో బావి ఇంటి బయట ఉండేది

క్లాసు, ఆబ్జెక్టు అనే ఆలోచన నార్వేలో పుట్టింది. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ 1960ల మొదట్లో సిమ్యులా అనే భాష మీద పని మొదలుపెట్టారు. వాళ్ళకి కావలసింది సిమ్యులేషన్. కౌంటరు ముందు క్యూ ఎంత పొడుగవుతుంది, ఫ్యాక్టరీలో ఏ మెషీను దగ్గర పని ఆగిపోతుంది లాంటి ప్రశ్నలకి కంప్యూటర్లో ఒక చిన్న లోకాన్ని నడిపి జవాబు వెతకడం. అలాంటి లోకంలో కస్టమర్లు వందలమంది ఉంటారు. అందరూ ఒకే నమూనా, కానీ ఎవరి సంగతి వాళ్ళది. టోనీ హోర్ అప్పటికే 'రికార్డ్ క్లాస్' అనే ఆలోచన ప్రతిపాదించి ఉన్నాడు. 1967 మే నెలలో ఓస్లో దగ్గర లీసెబూలో జరిగిన సదస్సులో డాల్, నీగార్డ్ క్లాసుల గురించీ సబ్‌క్లాసుల గురించీ తమ పత్రం చదివారు. అదే సిమ్యులా 67.

ఇప్పుడు మనం వాడే మాటలు చాలావరకు అందులో ఉన్నాయి. క్లాసు వేరియబుల్ మాత్రం లేదు. అవసరం పడలేదు కూడా. సిమ్యులా, ఆల్గాల్ 60 అనే భాష మీద కట్టిన ఇల్లు. ఆల్గాల్‌లో ప్రోగ్రాము అంతా ఒకదానిలో ఒకటి ఇమిడిన బ్లాకులు. లోపలి బ్లాకులో ఉన్నవాళ్ళకి బయటి బ్లాకులోవి కనిపిస్తాయి. అంచేత కస్టమర్లందరికీ కలిపి ఒక లెక్క కావాలంటే, క్లాసుని రాసిన బ్లాకులోనే, క్లాసు పక్కనే, ఆ వేరియబుల్ పెడితే సరిపోయేది. బావి ఏ ఇంటిదీ కాదు, వీధిది. దాని ఆయుష్షు కూడా వీధి ఆయుష్షే. ఆ బ్లాకు పని ముగిస్తే కస్టమర్లూ పోతారు, లెక్కా పోతుంది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ సున్నా నుంచి. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత వచ్చిన భాషలు చాలావాటిలో మనం పోగొట్టుకున్నది ఇదే.

డాల్, నీగార్డ్ ఇద్దరికీ కలిపి 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2002లో ఇద్దరూ వారాల తేడాతో వెళ్ళిపోయారు.

పాలో ఆల్టోలో పెద్దక్షరం

ఆలోచన అట్లాంటిక్ దాటి కాలిఫోర్నియా చేరింది. పాలో ఆల్టోలోని జీరాక్స్ పరిశోధనా కేంద్రంలో ఆలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ బృందం 1970లలో స్మాల్‌టాక్ తయారుచేసింది. 'ఆబ్జెక్ట్ ఓరియంటెడ్' అన్న మాట ఆలన్ కేదే. ఆయన కాలేజీలో లెక్కలతోపాటు జీవశాస్త్రం చదివినవాడు. ఆయన ఊహలో ఆబ్జెక్టు ఒక జీవకణం. తన గోడ తనకుంటుంది, లోపల ఏముందో బయటికి తెలియదు, పక్కవాటితో కబుర్ల ద్వారానే సంబంధం. ఈ ఊహలో ఉమ్మడి సొత్తుకి చోటెక్కడ?

చోటు దొరికింది. స్మాల్‌టాక్‌లో అన్నీ ఆబ్జెక్టులే, క్లాసు కూడా. క్లాసే ఒక ఆబ్జెక్టు అయినప్పుడు దానికీ తనదంటూ ఒక సొత్తు ఉండొచ్చు కదా. స్మాల్‌టాక్-80లో కొత్త క్లాసు రాయడానికి ఒక ఫారం లాంటిది ఉంటుంది. ఇన్‌స్టన్స్ వేరియబుల్స్ పేర్లేమిటి, క్లాసు వేరియబుల్స్ పేర్లేమిటి అని విడివిడిగా అడుగుతుంది. అంటే ఏది సొంతం, ఏది ఉమ్మడి అని రాసేవాడు అక్కడే తేల్చుకోవాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. సొంత వేరియబుల్ పేరు చిన్నక్షరంతో, పంచుకునేది పెద్దక్షరంతో మొదలవ్వాలి. మన లిపిలో ఈ తేడా లేదు గానీ, ఇంగ్లిషు అక్షరాల్లో ప్రోగ్రాము చదివేవాడికి అది ఒక హెచ్చరిక: దీన్ని ముట్టుకుంటున్నావంటే నీ ఒక్కడి వ్యవహారం కాదు.

అడెల్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ రాబ్సన్ 1983లో ఈ భాష మీద రాసిన పుస్తకాన్ని అందరూ 'నీలం పుస్తకం' అంటారు. అందులో క్లాసు వేరియబుల్‌కి ఇచ్చిన ఉదాహరణ ఇంటి ఖర్చుల లెక్క. పన్ను మినహాయింపుకి పనికొచ్చే ఖర్చులు కనీసం ఎంత దాటితే విడిగా చూపించుకోవచ్చో, ఆ మొత్తం ఒక క్లాసు వేరియబుల్. దాని విలువ 2300. డాలర్లన్నమాట. ప్రభుత్వం పెట్టిన అంకె కాబట్టి అందరికీ ఒకటే అని ఉద్దేశం.

తమాషా ఏమిటంటే అది అందరికీ ఒకటే కాదు. అప్పటి అమెరికా పన్ను చట్టంలో 2300 అనేది పెళ్ళికాని వాళ్ళకి. దంపతులు కలిసి లెక్క చూపిస్తే 3400. పాఠం నేర్పడానికి ఎంచుకున్న చిన్న ఉదాహరణ మీద ఇది నేరారోపణ కాదు. కానీ భాష తయారుచేసినవాళ్ళు ఏరికోరి తెచ్చిన ఉదాహరణలో కూడా 'ఒక్కటే' అన్నది ఎంత పల్చటి మాటో చూడండి. మన ఆదాయపన్ను సంగతే తీసుకుంటే, జీతగాళ్ళకి స్టాండర్డ్ డిడక్షన్ 2019 నుంచి 50,000 రూపాయలు. 2024 జులై బడ్జెట్‌లో కొత్త విధానంలో ఉన్నవాళ్ళకి 75,000 చేశారు, పాత విధానంలో 50,000 అలాగే ఉంచారు. జీతగాడు అనే క్లాసు మీద ఒకే అంకె రాసిపెట్టుకున్న ప్రోగ్రాముకి ఆ రోజు నుంచి ఒక జీతగాడి లెక్క సరిచేస్తే ఇంకొకడి లెక్క తప్పుతుంది. అంకె మారడం పెద్ద ఇబ్బంది కాదు, ఒకచోట మార్చుకుంటాం. ఒకటి రెండుగా చీలడమే ఇబ్బంది.

ఒక మాటకి మూడర్థాలు

మూడో మజిలీ న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్. కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేస్తూ సిమ్యులా వాడిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్‌కి దాని పొందిక నచ్చింది, నిదానం నచ్చలేదు. 1979లో సీ భాషకి క్లాసులు అతకడం మొదలుపెట్టాడు. అదే తర్వాత సీ ప్లస్ ప్లస్ అయింది.

సీ భాషలో 'స్టాటిక్' అనే మాట అప్పటికే రెండు పనులు చేస్తోంది. ఫంక్షన్ లోపల రాస్తే, ఫంక్షన్ ముగిసినా ఆ విలువ చెరిగిపోదని అర్థం. ఫంక్షన్ల బయట రాస్తే, ఈ పేరు ఈ ఫైలు దాటి కనిపించదని అర్థం. కొత్త మాట చేరిస్తే, ఎవరి ప్రోగ్రాములోనో అదే పేరు వాడి ఉంటే అది పాడవుతుంది. అందుకని క్లాసు లోపల ఉమ్మడిగా ఉండేదానికి కూడా పాత మాటే తగిలించారు. అలా ఒకే మాటకి మూడో అర్థం వచ్చింది. స్మాల్‌టాక్‌లో 'క్లాసు వేరియబుల్' అంటే ఎవరిదో పేరులోనే ఉంది. 'స్టాటిక్' అంటే కదలనిది అని. ఎవరిది అన్న ప్రశ్నే మాటలోంచి జారిపోయింది.

ఉద్దేశం మాత్రం మంచిదే. ఊరంతటికీ తెలిసే గ్లోబల్ పేర్లని తగ్గించి, వాటిని సంబంధించిన క్లాసు గూటిలో పెట్టడం. మొదట్లో ఈ ఏర్పాటు సగమే ఉండేది. డేటా ఉమ్మడిగా పెట్టుకోవచ్చు గానీ, ఏ ఆబ్జెక్టూ లేకుండా పిలవగలిగే ఫంక్షన్ లేదు. దాంతో జనం సున్నా అడ్రసుని ఆబ్జెక్టని నమ్మబలికి, దాని మీద ఫంక్షన్ పిలిచేవాళ్ళు. లేని మనిషి పేరు మీద రేషన్ తీసుకోవడం లాంటిది. 1989లో వచ్చిన రెండో విడుదలలో స్టాటిక్ ఫంక్షన్లు చేరాక ఈ దొంగదారి అవసరం తీరింది.

ఇంకో చిక్కు అంత తేలిగ్గా తీరలేదు. ఉమ్మడి విలువలు ప్రోగ్రాము మొదలయ్యే ముందే తయారవ్వాలి. వేరువేరు ఫైళ్ళలో ఉన్నవాటిలో ఏది ముందు తయారవుతుందో భాష మాట ఇవ్వదు. ఒకటి ఇంకొకదాని మీద ఆధారపడి ఉంటే, రెండోది పుట్టకముందే మొదటిది దాన్ని పిలవచ్చు. ఒక కంప్యూటర్‌లో నడిచింది ఇంకొకచోట కుప్పకూలుతుంది. ఐఓస్ట్రీమ్ లైబ్రరీ రాసిన జెర్రీ ష్వార్జ్‌కి ఇదే ఎదురైంది. లైబ్రరీని వాడే ప్రతి ఫైలులోనూ ఒక చిన్న ఆబ్జెక్టు పెట్టి, ఎవరు ముందు లేస్తే వాళ్ళు దీపం పెట్టేలా, చివర పడుకునేవాళ్ళు ఆర్పేలా ఒక లెక్క నడిపాడు. ఓస్లోలో బ్లాకు మొదలైతే పుట్టి, ముగిస్తే పోయే ఉమ్మడి సొత్తుకి ఇక్కడ పుట్టుక ఎప్పుడో చెప్పలేని పరిస్థితి వచ్చింది.

ఇల్లు లేనివాళ్ళకి చోటు లేదు

1995లో సన్ సంస్థ జావాని బయటికి తెచ్చింది. జేమ్స్ గాస్లింగ్ బృందం పెట్టిన నియమం ఒకటే: ఏదైనా సరే క్లాసు లోపలే ఉండాలి. గ్లోబల్ వేరియబుల్ అన్నది లేదు. వినడానికి ఇది గొప్ప క్రమశిక్షణ. ఆచరణలో జరిగింది ఏమిటంటే, గ్లోబల్స్ అన్నీ స్టాటిక్ చొక్కా తొడుక్కుని దొడ్డిదారిన వచ్చేశాయి. సెట్టింగులు, డేటాబేస్ కనెక్షన్లు, ఇప్పుడు లాగిన్ అయి ఉన్న మనిషి, అన్నీ ఏదో ఒక క్లాసు మీద.

దీనికి కాస్త ముందు, 1994లో, 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం వచ్చింది. నలుగురు రచయితలు. అందులో సింగిల్టన్ అనే ప్యాటర్న్ ఉంది: ఒక క్లాసుకి ఒక్కటంటే ఒక్కటే ఆబ్జెక్టు ఉండేలా, దాన్ని ఎక్కడినుంచైనా అందుకునేలా చూడటం. ఆ ఒక్క ఆబ్జెక్టు ఉండేది క్లాసు వేరియబుల్‌లోనే. పుస్తకానికి ఉన్న పేరు వల్ల దొడ్డిదారికి రాజముద్ర పడింది. ఇంటర్వ్యూల్లో ఏ ప్యాటర్న్ తెలుసు అంటే ముందు సింగిల్టనే చెప్పే తరం తయారైంది.

దెబ్బ తగిలింది టెస్టుల దగ్గర. ఆ నలుగురిలో ఒకరైన ఎరిక్ గామా, కెంట్ బెక్‌తో కలిసి జావా కోసం జేయూనిట్ రాశాడు. అందులో ప్రతి టెస్టుకీ కొత్త ఆబ్జెక్టు తయారవుతుంది. ఒక టెస్టు మిగిల్చిన ఎంగిలి ఇంకొకదానికి అంటకూడదని. కానీ స్టాటిక్ విలువ ఆబ్జెక్టుతో పోదు. మొదటి టెస్టు దాన్ని మారిస్తే పదో టెస్టు ఆ మార్పు మీదే నడుస్తుంది. విడిగా నడిపితే పాసయ్యేది, కలిపి నడిపితే ఫెయిలవుతుంది. వరుస మారిస్తే మళ్ళీ పాసవుతుంది. పుస్తకం వచ్చిన 15 ఏళ్ళకి, 2009లో ఇచ్చిన ఇంటర్వ్యూలో, ఇప్పుడు రాస్తే సింగిల్టన్‌ని తీసేస్తానన్నాడు గామా. స్కాలా భాష తయారుచేసిన మార్టిన్ ఓడర్‌స్కీ అయితే స్టాటిక్ అన్న మాటనే పెట్టలేదు. ఉమ్మడివి కావాలంటే క్లాసు పక్కన ఇంకో ఆబ్జెక్టుగా రాసుకోవాలి. వీధి బావి మళ్ళీ వీధిలోకి వచ్చినట్టు.

టెస్టులు పోతే పోయాయి అనుకోవచ్చు. వెబ్ సర్వర్ సంగతి అలా కాదు. ఒకే ప్రోగ్రాము ఒకేసారి వందమందికి జవాబు చెబుతుంటుంది. 'ఇప్పటి యూజర్' అన్నది క్లాసు మీద రాసిపెడితే, నా పేరు రాసి నా ఖాతా తెరిచే లోపు మీ పేరు దాని మీద పడుతుంది. నా తెర మీద మీ బ్యాలెన్సు కనిపిస్తుంది. ఒక్కడే కూర్చుని పరీక్షించినంతసేపూ ఈ తప్పు బయటపడదు.

కుక్కలూ, పిల్లలూ

పైథాన్‌లో ఇంకో రకం. క్లాసు శరీరంలో ఏం రాస్తే అది క్లాసుది అయిపోతుంది, వేరే గుర్తేమీ అక్కర్లేదు. చదివేటప్పుడు ముందు ఆబ్జెక్టులో వెతుకుతుంది, లేకపోతే క్లాసులో. ఆబ్జెక్టు ద్వారా కొత్త విలువ పెడితే మాత్రం ఆబ్జెక్టులోనే పెడుతుంది. ఈ అమరిక వల్ల అంకెలతో ఏ ఇబ్బందీ రాదు. జాబితాలతో వస్తుంది. పైథాన్ అధికారిక ట్యుటోరియల్‌లో ఇందుకు రెండు కుక్కలున్నాయి, ఫిడో, బడ్డీ. నేర్చుకున్న విద్యల జాబితాని క్లాసు మీద రాశారు. ఫిడోకి దొర్లడం నేర్పారు, బడ్డీకి చచ్చినట్టు పడుకోవడం నేర్పారు. ఫిడోని అడిగితే రెండూ వచ్చంటుంది. జాబితాని మార్చలేదు, ఉన్న జాబితాలోనే చేర్చారు, ఆ జాబితా ఒక్కటే ఉంది. ఇది క్లాసు వేరియబుల్‌ని పొరపాటున వాడటం అని ట్యుటోరియల్ తానే చెబుతుంది. 2016లో వచ్చిన 3.6తో 'ఇది క్లాసు వేరియబుల్' అని రాసి చెప్పే వీలొచ్చింది. 2018లో వచ్చిన డేటాక్లాసులు అలాంటి చోట ఖాళీ జాబితా రాస్తే ఒప్పుకోవు, అక్కడికక్కడే ఎర్రర్ ఇస్తాయి.

రూబీలో గుర్తు కొట్టొచ్చినట్టు ఉంటుంది. పేరు ముందు రెండు ఎట్ గుర్తులు. కానీ అక్కడ ఉమ్మడి అంటే వంశమంతటికీ. పిల్ల క్లాసు తన విలువేదో మార్చుకుంటున్నాననుకుని మారిస్తే తల్లి క్లాసుదీ మారిపోతుంది, తోబుట్టువులదీ మారిపోతుంది. స్మాల్‌టాక్‌లోనూ క్లాసు వేరియబుల్ పిల్ల క్లాసులకి కూడా చెందేదే. అందుకే ఒక్కో క్లాసుకీ విడిగా ఉండే ఇంకో రకం వేరియబుల్ కూడా స్మాల్‌టాక్-80 ఇచ్చింది. రూబీలోనూ ఆ రెండో దారి ఉంది, అనుభవజ్ఞులు దాన్నే వాడమంటారు. పిల్ల క్లాసులో ఉన్న పేరుని తర్వాత తల్లి క్లాసు కూడా పెట్టుకుంటే, 2020 డిసెంబరులో వచ్చిన రూబీ 3.0 నుంచి అది ఎర్రర్.

ఇంతకీ ఎప్పుడు వాడాలి?

తెలంగాణ రోడ్ల మీద ఒక జవాబు తిరుగుతోంది. 2014 జూన్ 2కి ముందు రిజిస్టరైన బళ్ళ మీద ఏపీ అని ఉంటుంది. ఆ తర్వాతవాటి మీద టీఎస్. 2024 మార్చి నుంచి కొత్తవాటికి టీజీ. పాతవి మారలేదు. ఇప్పుడు ఆలోచించండి, ఈ రెండక్షరాలు క్లాసు వేరియబులా, ఇన్‌స్టన్స్ వేరియబులా? రెండూ. 'ఇకమీదట వచ్చే బండికి ఏం వెయ్యాలి' అన్నది ఏ ఒక్క బండి సంగతీ కాదు, రిజిస్ట్రేషన్ మొత్తానికి సంబంధించింది. అది ఒక్కటే ఉండాలి. 'ఈ బండి మీద ఏముంది' అన్నది ఆ బండిది. పుట్టినప్పుడు ఉమ్మడి విలువని తన దగ్గరికి రాసుకుంటుంది, ఆ తర్వాత ఉమ్మడి విలువ మారినా దీనికి పట్టదు. రెండింటినీ ఒక్కటి చేస్తే, ఒక్క మార్పుతో పాత బళ్ళన్నిటి నంబర్లూ మారిపోతాయి.

కాబట్టి ముందు అడగాల్సింది, ఈ విలువ ఎవరి గురించి అని. ఎన్ని ఆబ్జెక్టులు తయారయ్యాయి, తర్వాతి నంబరు ఎంత లాంటివి గుంపు గురించి. ఏ సభ్యుడి దగ్గర పెట్టినా అర్థం ఉండదు. అవి క్లాసు దగ్గర ఉండొచ్చు. తర్వాత, ఇది మారేదా అని. వారానికి ఏడు రోజులు లాంటి మారని విలువని ఎంతమంది పంచుకున్నా ప్రమాదం లేదు. నీళ్ళు కదిలించే వీలే లేని బావి అది. మూడోది, పోతే ఏమవుతుంది అని. తయారు చెయ్యడానికి ఎక్కువ సమయం పట్టేదాన్ని ఒకసారి చేసి దాచుకుంటే, ఆ దాచుకున్నది చెరిగిపోయినా జవాబు మారదు, కాస్త ఆలస్యమవుతుంది అంతే. అదీ క్లాసు దగ్గర ఉండొచ్చు.

గుంపు లెక్కలకి కూడా ఒక జాగ్రత్త ఉంది. ఈరోజుల్లో ప్రోగ్రాము ఒక్క మెషీను మీద నడవదు. పది సర్వర్ల మీద నడిస్తే పది క్లాసులు, పది లెక్కలు. జావాలో అయితే ఒక్క మెషీనులోనే క్లాసుని రెండు లోడర్లు ఎక్కిస్తే స్టాటిక్ విలువలు రెండవుతాయి. నిజంగా లోకమంతటికీ ఒక్కటే ఉండాల్సిన నంబరైతే దాని చోటు డేటాబేస్, క్లాసు కాదు.

మరి మన స్టూడెంట్ కాలేజీ? కాలేజీ పేరు స్టూడెంట్ గురించీ కాదు, స్టూడెంట్ల గుంపు గురించీ కాదు. కాలేజీ గురించి. కాబట్టి కాలేజీ ఒక క్లాసు, స్టూడెంట్ దగ్గర తన కాలేజీ ఎవరో చూపే ఒక గుర్తు. పేరు మారితే ఒకచోటే మారుస్తాం. రెండో కాలేజీ వస్తే ఇంకో ఆబ్జెక్టు వస్తుంది. ఒకడు టీసీ తీసుకుని వెళ్ళిపోతే వాడి గుర్తొక్కటే మారుతుంది. మాస్టారు చెప్పిన మెమరీ ఆదా సంగతంటారా, ఆ గుర్తుకి ఎక్కువలో ఎక్కువ 8 బైట్లు. లక్షమంది స్టూడెంట్లకి 8 లక్షల బైట్లు. ఫోనులో తీసిన ఒక్క ఫొటో అంతకంటే ఎక్కువ తింటుంది.

ఓస్లోలో ఆ ఇద్దరూ కస్టమర్లని క్లాసుగా రాసి, కౌంటరు లెక్కని బయట ఉంచినప్పుడు చేసింది కూడా ఇదే: సొత్తుకి సొంతదారుని చూపించడం. అలా చూపించగలిగినప్పుడు క్లాసు వేరియబుల్ మంచి పనిముట్టే. చూపించలేకపోతే, అది ఎవరిదో తెలియని బావి. మూత వేసేవాళ్ళుండరు.